ఎవలూ ఆపని రైలు

కోరుట్ల,
అక్టోబరు 2011.

లింబాద్రి బావా,

ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరు, నేనే మంచిగ లేను. మీ సిరిసిల్లకు రైలు లేదని, తెలంగాణ రైల్‌రోకో నాడు నీ బొమ్మరైలును టెంటు కింద పెట్టి, దాని ముందట వందమంది కూసున్నరట. పేపర్ల ఫోటో చూసినసంది నాకు బువ్వ దిగుతలేదు.

ఇద్దరం ఎవలిది వాళ్లం బొమ్మగ కట్టింది ఇంగ్లండుల 1830ల నడిచిన లివర్‌పూల్–మాంచెస్టర్ లైనే గదా. మెత్తటి నేలల తప్ప పట్టాల కింద రాతిదిమ్మెలే ఉండాలంటే నువ్వు ఇనలే, అంతట కట్టెలే ఏసినవు. నేను ఆరేండ్లు ఒక్కొక్క రాయి అరగదీసిన. జనం నీ తప్పుల రైలును ఆపిండ్రు. నా రైలును ఎవలూ ఆపలే.

ఐతారం దాన్ని మా వాకిట్ల పెడ్త. సమ్మెల బస్సులు లేకుంటే బండి మీద రాండ్రి. నువ్వు, అక్క దాని ముందట కూసోని, ఒక్క గంట నా రైలును ఆపుండ్రి.

నీ బామ్మర్ది