పెయింటు మీద బిగించిన తీగ

బావగారికి,

ఇంజన్ మార్చాక మీ వ్యాన్‌లో వేడి చూపే ముల్లు లేవడమే లేదని మురిసిపోతున్నారట. నీళ్లు మరిగినా అది లేవదు. మొదట్లో అనుమానమొచ్చి మూడు సెన్సార్లు మార్చారు గాని తీగల జోలికి పోలేదు. నిన్న మీరు లేనప్పుడు సెన్సార్ తీగలు రెండూ కలిపి చూశాను, ముల్లు కదల్లేదు. మొదటి తీగను గీకిన ఇనుముకు ఆనిస్తే చివరిదాకా లేచింది. రెండోది ఎర్త్ తీగ, ఉత్త ఇనుముకు తగిలితేనే కరెంటు పారుతుంది. దాన్ని మీరు కొత్త పెయింటు మీదే బిగించారు.

"నువ్వు చదువుకో బావా, బిగించడం మేం చూసుకుంటాం" అని షెడ్డులో అందరి ముందూ నవ్వారు. ఈ పరీక్ష పుస్తకంలోదే.

రేపు కొండదారిన మా చెల్లెల్ని ఆ వ్యాన్‌లోనే తీసుకెళ్తారట. గరుకు కాగితం పట్టుకుని ముందు ఇటు రండి. తాళం ఇక్కడుంది. "నాకు భయంగా ఉందన్నయ్యా" అంటూ మీ ఆవిడే తెచ్చి ఇచ్చింది.