గాజుల కొట్ల వరస

ఏప్రిల్ 6
యూనివర్సిటీ గ్లాస్ స్టూడియోలో బట్టీ చల్లారింది, తెరిచాను. గాజులన్నీ ఒకదానిలోకి ఒకటి కరిగి ముద్దయ్యాయి. చాలా అందంగా ఉంది... అదే చిరాకు. తగలబడిన గాజుల బజారు గుర్తుగా చేసింది ఇలా మెరవొచ్చా? ట్యూటర్ మాత్రం 'బ్యూటిఫుల్' అనేసి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 9
మా ఊళ్లో అప్పటి మత గొడవల్లో కాలిపోయిన గాజుల కొట్ల గురించి అడగాలని బషీర్ అంకుల్ దగ్గరకెళ్లాను. ఆయనా మా ఊరాయనే, ఇప్పుడు ఈ పరాయి దేశంలో వెర్రిబీ అనే శివారులో మసాలా సామాన్ల కొట్టు. అప్పుడు ఆ వరసలో వాళ్ల నాన్నదీ ఒకటి. నేను నోరు తెరవకముందే — "ఇంటిపేరేంటమ్మా?"
ఇక్కడికొచ్చీ కులం ఆరా! చెప్పాను. కాసేపు చేతిలోని కందిపప్పు ప్యాకెట్ వైపే చూశారు. తర్వాత టీ తెప్పించారు.

ఏప్రిల్ 10
ఆయన మాటలే తిరుగుతున్నాయి. గొడవలకి ముందు నుంచే ఖాళీ చేయమన్నారట. కుళాయి కట్టేశారు, కరెంటు తీయించారు. వీళ్లు కదల్లేదు. తర్వాత ఊరేగింపు, రాళ్లు... "కొట్టుకున్నది ఊరంతానమ్మా. కాలింది మా వరసొక్కటే."
ఖాళీ చేయమన్నదెవరు అంటే — "పాత సంగతులులే, బిస్కెట్ తీసుకో."

ఏప్రిల్ 12
నేను చేస్తున్నది ద్వేషం గురించి అనుకున్నా. స్థలం గురించా? తెలీడం లేదు.

ఏప్రిల్ 15
నాన్నకి ఫోన్. ఆ కొట్లు ఎక్కడుండేవి?
"ఇప్పుడు మన కాంప్లెక్స్ ఉన్నచోటే కదే." ఎంత మామూలుగా అన్నాడో. స్థలం ముందు నుంచీ తాతయ్యదేనట, వాళ్లు అద్దెకుండేవాళ్లట. ఇవన్నీ ఎందుకు, సబ్జెక్ట్ మార్చుకోరాదూ అన్నాడు.
నా ఫీజు కడుతున్నది ఆ కాంప్లెక్స్ అద్దెలతోనే. కరిగించిన ప్రతి గాజూ...

ఏప్రిల్ 16
ఇంటిపేరు. ఆయన అడిగింది కులం కాదు. నేనెవరి మనవరాలినో ఆ రోజే తెలిసిపోయింది ఆయనకి. తెలిసే టీ ఇచ్చారు, తెలిసే అంతా చెప్పారు — ఖాళీ చేయమన్నదెవరో ఆ ఒక్కటి తప్ప. ఎందుకు? నా మీద జాలా? నాన్న చెవిన పడాలనా?

ఏప్రిల్ 19
ఎగ్జిబిషన్‌లో గోడ మీద పెట్టే కార్డుకి పూర్తి పేరు పంపమని ట్యూటర్ మెయిల్. అసలు పెట్టాలా ఆ ముద్దని? పెట్టకపోతే దాచినట్టు. పెడితే... ఎవరి బాధ అది, నేను పెట్టడానికి?

ఏప్రిల్ 21
నాన్న ఇక్కడికి విమానం టికెట్ తీసేసుకున్నాడు. కూతురి ఎగ్జిబిషన్ చూడాలట.
కొట్లో అంకుల్‌కి చెప్పేశాను. ఎందుకు చెప్పానో. ఆయన నా సంచిలో ఊరికే ఓ కొత్తిమీర కట్ట పడేసి — "నాన్నగార్ని మా ఇంటికి తీసుకురామ్మా. టీ తాగుదాం."
నవ్వారు. ఆ నవ్వేమిటో అర్థం కాలేదు.
సరే అంకుల్ అన్నాను. ఏం ఒప్పుకున్నానో... కార్డు మీద ఇంకా నా పేరొక్కటే ఉంది. ఇంటిపేరు రాయలేదు.