రోడియం ఎర్రపొడి

జూన్ 26, బుధవారం
రోడియం అయిపోయింది. వెండి మీద దాని పూత ఎక్కితే ఏండ్ల దాకా నల్లబడదు. మా కంఠేశ్వర్ బజారులో ఈ పని నాకు తెలిసినట్టు ఎవనికీ తెలియదు. గొప్ప కాదు, ఉన్న మాట.

సరుకు పంపే హైదరాబాద్ భూమేష్‌కు ఫోన్ చేశాను. ఎప్పుడూ సీసాలో టీ రంగు నీళ్లు పంపుతాడు. నీళ్లు నేనెందుకు కొనాలి? పొడి పంపమన్నాను. పూతకు సల్ఫేట్ నీళ్లే నడుస్తాయి, పొడి వేరే పనిది అన్నాడు. నేను పూతలు వేసే నాటికి నువ్వు చెడ్డీ వేసుకోలేదని చెప్పి పెట్టేశాను.

జూన్ 29, శనివారం
కొరియర్ వచ్చింది. వేలెడంత బుడ్డి. ముదురు ఎరుపు పొడి. మూత తీసి చాయ్ తాగి వచ్చేసరికి వానగాలికి తేమ పీల్చి తడి చక్కెరలా ముద్దకట్టింది. నీళ్లలో వేస్తే దానిమ్మ రసం. ఇంత చిక్కటి రంగు ఎన్నడూ చూడలేదు.

జులై 1, సోమవారం
బోధన్ దిక్కు నుంచి హన్మవ్వ వచ్చింది. చెరుకు కొట్టిన చేతులు. చచ్చిపోయిన బిడ్డ పట్టీలు తెచ్చింది. శుక్రవారం మనుమరాలు దీక్షితకు పదేండ్లు నిండుతాయట. ఆ రోజు కాళ్లకు పెట్టాలి, నల్లబడొద్దు అంది.

"గివి తప్ప దాని తల్లిది ఇంకేం లేదన్నా. పైలం."

పైలమట, నాకే జాగ్రత్తలు చెప్తుంది.

జులై 2, మంగళవారం
ముందు పాత వెండి ముక్క ముంచి చూడమని కోడలు లత అంది. వినలేదు. ఎర్రనీళ్లలో పట్టీలు వేలాడదీసి కరెంటు పెట్టాను. బావిలో వేసే బ్లీచింగ్ వాసన లేచింది. తీసి చూస్తే సున్నం లాంటి తెల్లపొర. గోరు తగిలితే నల్లపొడి రాలుతోంది.

అన్నం తినలేదు.

జులై 3, బుధవారం, పొద్దున 6
భూమేష్‌ను తిడదామని ఫోన్ తీశాను. మళ్లీ పెట్టేశాను. ఆ తెల్లపొర నాకు తెలుసు. వెండి తుక్కును తేజాబు యాసిడ్‌లో కరిగించి, ఇంటి ఉప్పు వేస్తే తెల్లగా పెరుగులా విరిగి అడుగుకు దిగుతుంది. యాభై ఏండ్లుగా అట్లనే వెండి వెనక్కి తీస్తున్నాను.

కరిగిన వెండి నీళ్లలో ఎర్రనీళ్లు ఒక్క చుక్క వేశాను. విరిగింది.

లతతో బుడ్డి మీది ఇంగ్లీషు చదివించాను. క్లోరైడ్. తినే ఉప్పులోనూ అదే ఉంటుందట. భూమేష్ తప్పు లేదు. చెప్పి మరీ పంపాడు.

జులై 4, గురువారం
పట్టీలను అమ్మోనియా నీళ్లలో నానబెట్టి, కుంకుడు రసంతో రుద్దాను. తెల్లపొర పోయింది. ఒక మువ్వ మోగడం లేదు.

భూమేష్‌తో తప్పు నాదే అన్నాను. పూత నీళ్లు పంపమన్నాను. సల్ఫేట్ స్టాక్ లేదట. రోడియం ఆఫ్రికా గనుల నుంచి రావాలి, నెల పడుతుందట.

పట్టీలు తళతళ మెరుస్తున్నాయి. పూత లేదని హన్మవ్వకు నెల దాకా తెలియదు. ఆ నెలలో నేను ఏమైనా చెప్పుకోవచ్చు.

జులై 5, శుక్రవారం
చెప్పేశాను.

"పూత ఎక్కలే. నేనే ఖరాబ్ చేసిన. నెలకు నల్లబడ్తయ్."

హన్మవ్వ పట్టీలు చెవి దగ్గర ఊపింది. మోగని మువ్వను వేలితో పట్టుకుంది.

"పని రానోని లెక్క చేసినవ్ గదన్నా" అంది.

నా మొహం మీద ఆ మాట ఎవరూ అనలేదు ఇప్పటిదాకా. సరుకు రాగానే మళ్లీ తెమ్మన్నాను. పట్టీలు కొంగులో కట్టుకొని బస్సుకు పోయింది.

ఆగస్టు 12, సోమవారం
సల్ఫేట్ వచ్చింది. లతతో పేరు చదివించాను. ముందు వెండి ముక్క ముంచాను. బాగా ఎక్కింది.

పూతకు తెమ్మని హన్మవ్వకు ఫోన్ చేశాను. పట్టీలు నల్లబడ్డాయట. పిల్ల విప్పనిస్తలేదట.