కుంకుడు నురగ

సూర్యాపేట
మంగళవారం

జయక్కకు, చెల్లెలు భూలక్ష్మి నీ కాళ్లకు మొక్కి రాసేది.

అందరం బాగున్నామని ముందు రాయాలని తెలుసు. కానీ ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఒంట్లో ఏమీ లేదు, నువ్వు కంగారుపడకు. కంగారు నాకే చాలినంత ఉంది. ఫోన్‌లో చెబితే నీకు సగం వినపడదు, మిగతా సగం దుకాణంలో కూర్చున్న మా ఇంటాయనకు వినపడుతుంది. అందుకే ఉత్తరం. బావకు చదివి వినిపించకు. చదివాక పొయ్యిలో పెట్టు. మీది గ్యాసు పొయ్యి కదా, వద్దు, ఇల్లంటుకుంటుంది. చించి పారెయ్యి.

ముందు నీకు ఆరేళ్లుగా దాచిన మాట చెప్పాలి. మా ఇంటాయన చేతులు వణుకుతాయి. అన్నం ముద్ద నోటిదాకా పోయేలోపు సగం రాలిపోతుంది. నల్లగొండ దవాఖానాలో మాత్రలు ఇచ్చారు, తగ్గలేదు. మీ ఇంటికి వచ్చినప్పుడల్లా చాయ్ వద్దని ఎందుకంటాడనుకున్నావు? నగలు చేసే అవుసలి చెయ్యి వణుకుతుందని బజారుకు తెలిస్తే మాకు బంగారం ఎవరిస్తారు? అందుకే దుకాణంలో పరదా కట్టాము. ఆయన ముందు కూర్చుని, కుడిచెయ్యి జేబులోనే ఉంచి వస్తువు తీసుకుంటాడు, మాట్లాడతాడు. నేను పరదా వెనక చేస్తాను. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని మనిద్దరం ఊదుగొట్టం ఊదేవాళ్లం కదా. నువ్వు మధ్యలో లేచి ఆడుకోవడానికి పోయేదానివి. నేను పోలేదు. ఆ కూర్చోవడమే ఇప్పుడు మాకు అన్నం పెడుతోంది. నీ మనవరాలు కావ్య పుస్తెలు కూడా నేనే చేశాను అక్కా. తలంటు పోసుకుని, ఒక్కపొద్దు ఉండి చేశాను. అయినా ఆ పిల్లకు జలుబు చేసిందని విన్నా నా వల్లేనేమో అని భయం. పెళ్లిలో నువ్వు పదిమంది ముందు మీ మరిది చేతిని పొగుడుతుంటే నేను లోపల గిన్నెలు కడుగుతూ విన్నాను. ఏమనుకున్నానో ఇప్పుడు రాయను. రాయవలసింది వేరే ఉంది.

పోయిన నెల కోదాడ నుంచి భాస్కర్ సారు అనే ఆయన వచ్చాడు. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరయిన మనిషి. ఆయనకు నల్ల రికార్డులు వేసుకుని పాటలు వినే మిషను ఉంది. ఆ మిషను చెయ్యి చివర ఒక డబ్బీ ఉంటుంది, రెండు చింతగింజలంత. డబ్బీ అడుగున వెంట్రుక కంటే కొంచెం లావు పుల్ల. పుల్ల చివర వజ్రపు మొన, భూతద్దం లేకుండా కంటికి ఆనదు. ఆ మొన రికార్డు గీతలో నడిస్తే పుల్ల కదిలి, లోపలి రాగి తీగల్లోంచి పాట వస్తుందట. ఇల్లు తుడిచే ఆమె కొంగు తగిలి ఆ పుల్ల విరిగింది. కంపెనీవాళ్లు కొత్తది కొనుక్కోమన్నారు. దాని ధర విన్నాక రెండు రోజులు నేను ఆ డబ్బీ పెట్టిన అల్మారా వైపు పోలేదు.

సారు మాత్రం వదలలేదు. వజ్రం అతికి ఉన్న కొత్త పుల్లను జపాన్ నుంచి తెప్పించాడు. దాన్ని డబ్బీకి అతికే మనిషి కావాలి. వాళ్ల ఇంటామె ముక్కుపుడకకు మేము వేసిన అతుకు ఆయనకు భూతద్దంలో కూడా కనపడలేదట. “చారిగారూ, మీ చేతికి తప్ప ఇంకెవరికీ ఇవ్వను” అన్నాడు. ఒప్పుకోవద్దని నేను పరదా వెనక నుంచి రెండుసార్లు దగ్గాను. మా ఇంటాయన ఒప్పుకున్నాడు. పెద్ద షోరూములు వచ్చాక ఆయన చెయ్యే కావాలని ఎవరైనా వచ్చి ఎన్నాళ్లయిందో నాకు తెలుసు. అందుకని నేను కూడా మూడోసారి దగ్గలేదు.

అతికాను. లోపల అయస్కాంతం ఉంది, ఇనుము దగ్గరికి రానీయొద్దని సారు చెప్పి పోయాడు. ఇత్తడి శ్రావణంతో పుల్లను పట్టుకుని, విరిగిన మొదలు మీద కూర్చోబెట్టి, సూది మొన మీద నిలిచినంత అరాల్డైట్ జిగురు పెట్టాను. ఊపిరి తగిలితే కదులుతుందని ముక్కుకు కొంగు కట్టుకున్నాను. రెండు రోజులు ఆరింది. పుల్ల సూటిగా నిలిచింది. నెల రోజుల భయం ఒక్కసారి దిగిపోయింది అక్కా. ఆ దిగిపోవడమే నా కొంప ముంచింది.

పని అయిన వస్తువును మనం ఏం చేస్తాం? కుంకుడు రసంలో ముంచి, మెత్తని బ్రష్‌తో తోమి, గులాబీ కాగితంలో చుట్టి ఇస్తాం. నలభై ఎనిమిదేళ్లలో కడగని వస్తువు ఒక్కటి మా గడప దాటలేదు. నా చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. పుల్లకు బ్రష్ తగలకుండా పట్టుకునే తెలివి ఉంది గాని, అసలు కడగకూడదనే తెలివి లేకపోయింది. డబ్బీ కడుపులోంచి తెల్లగా నురగ వచ్చింది. అప్పుడు తెలిసింది నేనేం చేస్తున్నానో.

ఫోన్ తడిస్తే బియ్యంలో పెడతారని విన్నాను కదా, డబ్బీని ఒక గిన్నెలో పెట్టి, గిన్నెను బియ్యం డబ్బాలోకి దించాను. మర్నాడు తీసి చూస్తే కొత్తదాని కంటే కొత్తగా మెరుస్తోంది. లోపల ఏమైందో మిషను మీద పెడితే గాని తెలియదు. మా ఇంటాయన చూసి మురిసిపోయాడు. వచ్చే సోమవారం తానే కోదాడ తీసుకుపోతానన్నాడు. కడిగిన సంగతి నేను చెప్పలేదు. చెబితే ఆ పెద్దమనిషి ముందు ఎట్లా నిలబడతాడు? చెప్పకపోతే మాత్రం ఎట్లా నిలబడతాడు? ఏం చెయ్యాలో వెంటనే రాయి. నాకు తిండి దిగడం లేదు.

నీ చెల్లెలు
భూలక్ష్మి


సూర్యాపేట
గురువారం

అక్కా, నీ ఉత్తరం శనివారమే అందింది.

పుస్తెల గురించి “ఎవ్వరు జేస్తే ఏంది, పిల్ల సల్లగుంది” అని రాశావు చూడు, ఆ ముక్క నాలుగుసార్లు చదువుకున్నాను. మిగతాది మాత్రం ఒక్కసారి చదివి పరుపు కింద దాచాను. “నోరు మూసుకొని ఊకో భూలచ్చీ. పాటొస్తే నీ అదృష్టం, రాకపోతే మిషను పాతదైందనుకుంటడు” అన్నావు. పెద్దదానివి, నువ్వు చెప్పినట్టే నోరు మూసుకున్నాను.

సోమవారం ఆయన డబ్బీని అంగీ జేబులో పెట్టుకుని, దాని మీద చెయ్యి అదిమి పట్టుకుని బస్సెక్కాడు. ఆ చెయ్యి వణికితే లోపలిది ఏమవుతుందోనని ఇంకో భయం నాకు. ఇచ్చి వచ్చాడు. దాన్ని మిషనుకు బిగించడానికి కొలతలు ఉంటాయట, సారు నిదానంగా చేసుకుంటాడట. అప్పటి నుంచి ఫోన్ మోగితే నా చేతిలో ఏదుంటే అది కింద పడుతోంది. రెండు గ్లాసులు పోయాయి.

ఇవాళ మోగింది. ఆయన “ఆఁ సార్, ఆఁ సార్” అని పెట్టేశాడు. రేపు మా ఇద్దరినీ సారు రమ్మన్నాడని, వాళ్లింట్లోనే భోజనమని చెప్పాడు. పాట వచ్చిందా అని అడిగితే, సారు ఆ మాట ఎత్తలేదన్నాడు. పని బాగైతే ఆ మాట ఎత్తకుండా ఉంటారా అక్కా? ఆయనకు ఆ ఆలోచనే లేదు. శాలువా కప్పుతారన్నంత సంబరంగా అంగీ ఇస్త్రీకి ఇచ్చాడు. ఆ మనిషి ముందు ఆయన తల వంచుకోవడం నేను చూడలేను. నీ మాట కాదన్నందుకు ఏమీ అనుకోకు. రేపు బస్సులోనే ఆయనకు చెప్పేస్తాను.

భూలక్ష్మి


సూర్యాపేట
ఆదివారం

జయక్కా,

బస్సులో చెప్పలేకపోయాను. నకిరేకల్ నుంచి వస్తున్న పెళ్లివాళ్లు బస్సు నిండా ఉన్నారు. నాకు సీటు ముందర, ఆయనకు వెనక దొరికింది. కోదాడలో దిగాక చెబుదామనుకుంటే సారు కారు తెచ్చుకుని నిలబడి ఉన్నాడు.

ఇంట్లో కూర్చోబెట్టి నీళ్లు ఇచ్చారు. సారు రికార్డు పెట్టి, మిషను చెయ్యి దించాడు. పాట వచ్చింది! ఆడమనిషి గొంతు, పక్కన నిలబడి పాడుతున్నట్టు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గండం గడిచిందనుకున్నాను. అప్పుడు సారు నెమ్మదిగా, “ఎడమ పక్క స్పీకర్ పలకడం లేదండీ చారిగారూ. మూడు రోజులు తీగలన్నీ అటూ ఇటూ మార్చి చూశాను. లోపం డబ్బీలోనే ఉంది” అన్నాడు.

మా ఇంటాయన లేచి నిలబడ్డాడు. ఆరేళ్లుగా పరాయి మనిషి ముందు జేబులోంచి తియ్యని కుడిచెయ్యి తీసి, సారు ముందు చాపాడు. అది ఎట్లా వణికిందో చెప్పలేను.

“సూడుండ్రి సార్. ఆరేండ్ల సంది గిట్లనే ఉంది. మీకు చెప్పకుండ పని తీసుకున్న. తప్పు నాది.”

నా అతుకే చెడిందని ఆయన అనుకున్నాడు అక్కా. ఆ మాట నా మీదికి రాకుండా, బజారంతా దాచిన చేతిని తానే తీసి చూపించాడు. ఇంక నేను కూర్చోలేకపోయాను.

“ఆయన చెయ్యి దాని మీద పడనే లేదు సార్. అతికింది నేను. కుంకుడు రసంల కడిగి పాడు చేసింది గూడ నేనే.”

సారు కంటే ముందు మా ఇంటాయన నా వైపు తిరిగాడు.

“కడిగినవా?”

“కడిగిన.”

“కుంకుళ్లతోనా?”

“మరి దేంతోని కడుగుత?”

వంటింటి గుమ్మంలో ఉన్న సారు భార్య నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. సారు నవ్వలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. డబ్బీని ఊడదీసి, కంప్యూటరుకు తగిలించిన భూతద్దం కింద పెట్టాడు. అది తెర మీద తాంబాళమంత కనపడింది. నేను వేసిన అతుకు చూపించి, కంపెనీలో వేసింది కూడా ఇంత సాఫుగా లేదన్నాడు. నాకు ఆ మాట చెవికి ఎక్కలేదు. నేను వెనక వైపు చూస్తున్నాను. అక్కడ నాలుగు చిన్న ముళ్లు, ఒక్కోదానికి లోపలి నుంచి వచ్చే రాగి తీగ. మూడు తీగలు ఉన్నాయి. నాలుగోది ఊడి గాలిలో నిలబడింది. నీళ్ల వల్ల కాదు, నా బ్రష్ తగిలి ఊడింది. చూడగానే తెలిసిపోయింది.

“అతుకుతారా అమ్మా?” అన్నాడు సారు.

నేను మా ఇంటాయన ముఖం చూశాను.

“నన్ను సూస్తవేంది? సారు నిన్నడుగుతుండు” అన్నాడు.

సారు దగ్గర పెన్నంత సన్నని సోల్డరింగ్ కడ్డీ ఉంది. వాళ్ల భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. ఎదురుగా ముగ్గురు నిలబడి చూస్తున్నారు. పరదా లేకుండా నేనెప్పుడూ చెయ్యలేదు కదా. కడ్డీ పట్టుకుంటే నా చెయ్యి వణికింది అక్కా. నా చెయ్యి! ఇది కూడా పోతే ఇంక మా ఇద్దరికీ ఏముందని కడ్డీ కింద పెట్టేశాను. మా ఇంటాయన చూశాడు. “సార్, జర మనం అవతల కూసుందాం. ఆమె పని చేసుకుంటది” అని ఇద్దరినీ బయటికి తీసుకుపోయి, తలుపు దగ్గరగా వేశాడు. వణుకు తగ్గేదాకా నేను ఊరికే కూర్చున్నాను. తర్వాత చేశాను. అన్నాలు చల్లారిపోయాయి.

మళ్లీ రికార్డు పెట్టినప్పుడు ఏ పాటో నాకు తెలియదు. నేను ఎడమ పక్క పెట్టెనే చూస్తూ కూర్చున్నాను. వస్తుందా సార్ అని అడిగాను. వస్తుందమ్మా అన్నాడు. కొంచెం ఆగి మళ్లీ అడిగాను. మా ఇంటాయన నా చెయ్యి పట్టుకుని ఆ పెట్టె ముందు నిలబెట్టాడు. దాంట్లోంచి తబలా వినపడుతోంది.

నిన్న పొద్దున మా ఇంటాయన దుకాణంలో పరదా విప్పేశాడు. వద్దని బతిమాలాను. చెయ్యి చూపించాక దాచడానికి ఇంకేముందన్నాడు. నా పీట ముందుకు జరిపాడు. బజారులో పోయే ప్రతివాడూ నన్నే చూస్తున్నట్టుంది. ఇంక ఎవరూ రారు, రేపటి నుంచి ఏం తింటామని మధ్యాహ్నం దాకా అదే ఆలోచన.

మూడింటికి హుజూర్‌నగర్ నుంచి ఒకామె వచ్చింది, స్వప్న అట పేరు. కమ్మ రాయి ఊడిపోయిందని ఆయన చేతికి ఇవ్వబోయింది. “నేను మాట్లాడేటోన్ని. పని చేసేది ఆమె” అన్నాడు. ఆ పిల్ల నన్ను చూసింది, నా నెరిసిన జుట్టు చూసింది, మళ్లీ ఆయనను చూసింది. కమ్మను గుప్పిట్లో పెట్టుకుని అట్లాగే నిలబడింది. నేను భయపడినంతా అయిందనుకున్నాను.

తర్వాత గుప్పిట విప్పి, నా ముందు పెట్టింది. “ఎంతసేపయితది?” అని నన్ను అడిగింది.

నేను ఆయన వైపు చూడలేదు. “గంట” అన్నాను.

భూలక్ష్మి