బస్సెక్కిన వెబ్‌సైటు

జూన్ 3
ఈ మాట ఇవాళే కాగితం మీద పెట్టాలి. లేకపోతే రేపటికి మార్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు.
నాన్న టైలర్. కొత్త ఆసుపత్రివాళ్లు నర్సుల యూనిఫారాలు కుట్టే పని ఇస్తారట, వెబ్‌సైటు ఉన్న దుకాణాలకే. పదిహేనో తేదీలోగా సైటు అడ్రసు పంపాలి. ఆ పని దొరికితే పిన్ని ఫ్యాక్టరీ మానేసి మా దుకాణంలోనే కుట్టుకుంటుంది. ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనొక్కదాన్నే. అందరూ నావైపే చూశారు.
ఒట్టు. ఒక్క ఫ్రేమ్‌వర్క్ ఎంచుకుంటాను. మార్చను.

జూన్ 4
ఎంచుకున్నాను. ఫ్రేమ్‌వర్క్ అంటే ఏమిటని అమ్మ అడిగింది. వెబ్‌సైటుకి గోడలు, కిటికీలు ముందే చేసి ఇస్తారు, మనం అమర్చుకోవడమే అన్నాను.
"అయితే సాయంత్రానికి అయిపోతుందిగా."
నవ్వాను. పాపం, ఆవిడకేం తెలుసు.

జూన్ 6
మార్చాను. మార్చడం కాదు, మెరుగుపరచడం. లక్షమంది ఒకేసారి వస్తే మొదటిది తట్టుకోలేదని ఒక వీడియోలో చెప్పారు. మా దుకాణంలో ముగ్గురు నిలబడితే నాలుగో మనిషి రోడ్డు మీద ఉండాలి. అయినా ముందుచూపు ముఖ్యం.

జూన్ 9
మూడోది. రెండోదాన్ని తయారుచేసినవాళ్లే ఇప్పుడు వాడటం లేదట.
పూర్తయినవి: దుకాణం పేరు. దాని కింద ఒక బటన్.
"నొక్కితే ఏమవుతుందమ్మా?" అన్నారు నాన్న.
"రంగు మారుతుంది."
"ఆహా. మరి కొలతలు?"
"అవి తర్వాత, నాన్నా."

జూన్ 12
పిన్ని వచ్చింది.
"ఏమే ఇంజినీరూ, ఫ్యాక్టరీలో మానేస్తానని చెప్పనా, ఆగనా?"
"రెండు రోజులు ఆగు పిన్నీ."
"గోడకి మేకు కొట్టమంటే మీ బాబాయి కూడా అదే అంటాడు."
రోషం వచ్చింది. తలుపేసుకుని కూర్చున్నాను. సాయంత్రానికి అయిపోయింది: ఫొటోలు, కొలతల పేజీ, ఫోన్ నంబరు. ఇంటిల్లిపాదీ చూసి మురిసిపోయారు. అడ్రసు ఆసుపత్రికి పంపేశాను.
నాలుగోదాని జోలికి పోలేదు. దాని గురించి చదివాను, అంతే.

జూన్ 13
ఆసుపత్రి స్టోర్స్ ఆఫీసరు ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ సైటు తెరుచుకోవట్లేదు."
"మా ఇంట్లో బాగానే తెరుచుకుంటోందండీ."
అవును మరి. నేను పంపింది నా లాప్‌టాప్ తనతో తాను మాట్లాడుకునే అడ్రసు. బయటివాళ్లకు కనబడాలంటే సైటును ఇంటర్నెట్‌లోకి ఎక్కించాలి, దాన్ని డిప్లాయ్‌మెంట్ అంటారు. ఎక్కించాను. తెల్ల పేజీ వచ్చింది. మళ్లీ ఎక్కించాను. ఇంకా శుభ్రంగా వచ్చింది.

జూన్ 14
లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని ఆసుపత్రికి బస్సెక్కాను. దీన్నే డిప్లాయ్‌మెంట్ అంటారు కాబోలు. ఇస్త్రీ చొక్కా వేసుకుని నాన్న కూడా వచ్చారు.
ఆఫీసరు అన్నీ చూశారు. "బాగుందమ్మా. కమిటీలో ఏడుగురున్నారు. అందరిళ్లకీ ఇలాగే తెస్తావా?"
నేను నోరు తెరిచేలోగా నాన్న అందుకున్నారు. "తెస్తుందండీ."

జూన్ 15
నాలుగోదానిలో తెల్ల పేజీ గొడవే ఉండదట. పొద్దున దింపుకున్నాను. పిన్ని ఫోన్ చేసింది, ఎత్తలేదు. నాలుగోదాన్ని తీసేశాను.
మళ్లీ ఒట్టు. మూడోదే. మార్చను. ఆఫీసరుగారికి ఉత్తరం కూడా రాశాను:
"అయ్యా, గడువు ఇవాళ్టితో అయిపోతోంది. సైటు బయటికి రాలేదు. లోపం నాది, మా నాన్న కుట్టుది కాదు. వీలైతే గడువు పెంచండి, కానీ రెండు రోజులే. వారం ఇచ్చారంటే మళ్లీ పునాది తవ్వుతాను. ఏ సంగతైనా పదిహేడో తేదీలోగా దయచేసి తెలపండి."