ఎదురు కుర్చీ ముందు టిష్యూ ప్యాకెట్

ఏమండీ,

మనం ఎప్పుడూ పోట్లాడుకునే ఆ పాత సినిమా నిన్న టీవీలో వేశారు. మీరు పోయాక చూడటం ఇదే మొదలు. మొగుడు చచ్చిపోయాడని తెలిసి కూడా హీరోయిన్ రెండు కంచాల్లో వడ్డించే సీన్ రాగానే నాకు కూర్చోబుద్ధి కాలేదు. "ఎవరైనా చేస్తారటే ఇలా? ఉత్త ఓవరాక్షన్!" అని నవ్వేవారు మీరు. ఎప్పుడూ ఆవిణ్ణి వెనకేసుకొచ్చే నాకే నిన్న మీ మాట నిజమనిపించింది. ఒళ్ళు మండి టీవీ కట్టేశాను.

ఇవాళ మనం రోజూ కాఫీకి వెళ్ళే సెరంగూన్ హాకర్ సెంటర్లో, ఆ తిండి దుకాణాల మధ్య, ఎప్పట్లాగే సీటు పట్టుకోవడానికి టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి కాఫీకి వెళ్ళాను. తిరిగొచ్చి చూస్తే రెండున్నాయి. ఎదురుగా మీరు కూర్చునే కుర్చీ ముందు కూడా నేనే పెట్టాను. ట్రే పట్టుకుని ఒక అంకుల్ వచ్చి, ఇక్కడెవరైనా ఉన్నారా అని అడిగారు. ప్యాకెట్ తీసేద్దామని చెయ్యి చాపి, "ఉన్నారు, వస్తున్నారు" అనేశాను.

నవ్వకండి.