మొరం తోలించొద్దు బాబాయ్

అంకారావు బాబాయ్‌కి,

ఫోనులో చెబితే నవ్వి పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. తిరువూరులో మన మామిడితోట దారిలో ట్రాక్టర్ దిగబడే గుంటని, వచ్చే ఆదివారం మొరం తోలించి పూడ్చేస్తావని పిన్ని చెప్పింది. దయచేసి ఆగు.

సైన్యం డ్రైవర్లు కంప్యూటర్ మీద బండి నేర్చుకునే సాఫ్ట్‌వేర్ మేం చేస్తాం కదా. అందులో ఒక చెడ్డ దారి పెట్టమన్నారు. నాకు తెలిసిన చెడ్డ దారి అదొక్కటే, గుంటతో సహా పెట్టేశాను. కొత్త బండ్లని పరీక్షించే విభాగం వాళ్లు, మళ్లీ వేరే సాఫ్ట్‌వేర్ ఎందుకని ఇప్పుడు మాదే తీసుకున్నారు. మొదటిరోజే వాళ్ల కొత్త బండి తెర మీద నీ గుంటలో కూరుకుపోయింది. నవ్వాపుకోలేక నేను బయటికి పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి బండి తయారుచేసినాయన "అలాంటి గుంట ఎక్కడా ఉండదండి" అన్నాడు.

"ఉంది సార్, మా బాబాయ్‌ది" అన్నాను.

లేదని తేలితే మా సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టేస్తారు. అందుకే ఆ ఆదివారం తర్వాతి బుధవారం నలుగురు ఆఫీసర్లు ఆ బండిలోనే గుంట చూడ్డానికి వస్తున్నారు. కాగితాల్లో దాని పేరు అంకారావు గుంట.

పిన్నిని భోజనాలు చూడమను. నువ్వు మాత్రం ట్రాక్టరుకి తాడు కట్టుకుని గట్టు మీద ఉండు.

నీ దగ్గర ట్రాక్టర్ నేర్చుకున్న
మీ అన్న కూతురు